వల లోపల విరిగిన కాలు

ఎక్స్‌రే గదిలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?" లారీ కింద పడి బతికినవాడి గురించో, గుండుసూది మింగిన పిల్ల గురించో చెబుతానని వాళ్ల ఆశ. అలాంటివి చాలా చూశాను. చాలావరకు మరిచిపోయాను కూడా. మరవలేనిది ఒక చిన్న గీత. మూడేళ్ల పిల్లవాడి మోకాలి కింద, వెంట్రుకంత సన్నగా ఉంది. ఆ గీతను నేను సరిగ్గానే పట్టుకున్నాను. పట్టుకున్నవాడిని ఊరుకోకుండా నోరు విప్పాను.

అప్పటికి నా రిటైర్మెంటుకు ఇంకో రెండేళ్లుంది. కదిరి వెళ్లే దారిలో ఒక మాదిరి ఊరు, అందులో ప్రభుత్వాసుపత్రి. ఎముకల డాక్టరు వారానికి మూడు రోజులే వచ్చేవాడు. చిన్న వయసు, నెమ్మదస్తుడు. ఆయన లేని రోజుల్లో డ్యూటీ డాక్టరు చీటీ రాసి పంపేవాడు, నేను ఫిల్ము తీసి పెట్టేవాణ్ణి. రూలు ప్రకారం నా పని అంతే. ఫిల్ములో ఏముందో చెప్పడం డాక్టరు పని. కానీ ముప్పై ఏళ్లు ఎముకలు చూసినవాడికి ఆ హద్దు దాటడం సులభం. "అన్నా, ఇరిగిండాదా?" అని జనం అడిగేది నన్నే. నేనూ చెప్పేవాణ్ణి. పది సార్లలో తొమ్మిది సార్లు నా మాట నిజమయ్యేది. దాంతో కొంచెం పొగరు కూడా వచ్చింది.

జూన్ నెల. వేరుశనగ విత్తడానికి అందరూ వాన కోసం చూస్తున్న రోజులు. మధ్యాహ్నం పన్నెండు గంటలప్పుడు ఒక పెద్దాయన నలుగురు మనుషులతో వచ్చాడు. ఆ చుట్టుపక్కల భూములూ పలుకుబడీ ఉన్న కుటుంబం. ఆయన మాట మండలంలో నడుస్తుంది. వెనకాల ఒక ఆడమనిషి, చంకలో మూడేళ్ల పిల్లవాడు. వాడు పెద్దాయన మనవడు. ఆమె వాణ్ణి చూసుకునే ఆయా. ముస్లిం, వయసు నలభై దాటి ఉంటుంది. పిల్లవాడి తల్లి అనంతపురంలో ఉద్యోగం చేస్తుంది, తండ్రి వ్యాపారం మీద తిరుగుతుంటాడు. ఆరో నెల నుంచీ వాణ్ణి పెంచింది ఈమేనని తర్వాత తెలిసింది.

పిల్లవాడు ఎడమ కాలు నేల మీద ఆనించడం లేదు. బల్ల మీద పడుకోబెడితే ఏడుపు. ఎవరైనా కదలకుండా పట్టుకోవాలి. పెద్దాయన ముందుకు వచ్చాడు గానీ వాడు ఆయా మెడ వదల్లేదు. ఆమెకే సీసపు కోటు తొడిగాను. ఎక్స్‌రే కిరణాలు తగలకుండా వేసే ఆ కోటు మోయలేనంత బరువుంటుంది. ఆమె వంగి వాడి చెవిలో ఏదో పాట అంటూ కాలు పట్టుకుంది. రెండు ఫిల్ములు, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి. మోకాలి కింద పెద్ద ఎముకకు అడ్డంగా సన్నని గీత కనిపించింది.

తలుపు తెరిచి అడిగాను. "యాడినుంచి పడినాడన్నా?"

"యాడా పడలేదప్పా," అన్నాడు పెద్దాయన. "పెరట్లో ఆ ఎగిరేది తెప్పించినా గదా, ట్రాంపోలిన్. దాని మీద ఆడుకుంటాండె. చుట్టూ వల ఉండాది. పడేదానికి తావే లేదు."

నేను ఫిల్ము వైపు చూశాను. "అన్నా, పడకుండా ఎముక ఇట్ల ఇరగదు. ఎవరో ఎత్తుకోని యాడనో జారవిడిచి చెప్పకుండా ఉండారు."

ఇవే మాటలు, ఇంతే. గట్టిగానే అన్నాను. బయట బెంచీ మీద వరుసలో కూర్చున్నవాళ్లు కూడా విన్నారు. పెద్దాయన తల తిప్పి ఆయాను చూశాడు. ఆయన వెంట వచ్చిన నలుగురూ చూశారు. ఆమె ఇంకా సీసపు కోటులోనే ఉంది, చేతుల్లో పిల్లవాడు.

"నేను జారవిడవలేదన్నా," అంది. ఒక్కసారే అంది.

కోటు విప్పి తీసుకున్నాను. తర్వాతి పేషెంటును పిలిచాను.

మరుసటి రోజు ఎముకల డాక్టరు వచ్చి, ఫిల్ము చూసి, తొడ దాకా పిండికట్టు వేశాడు. చిన్న దెబ్బే, కొన్ని వారాల్లో అతుక్కుంటుందన్నాడు. ఎలా జరిగిందని ఆయన అడిగితే, "ఆయా జారవిడిచిందంట" అని పక్కనున్నవాళ్లు చెప్పారు. ఆయన కాగితం మీద అదే రాసుకున్నాడు. చూడండి, ఒక్క రోజులో నా ఊహ ఆసుపత్రి రికార్డులోకి ఎలా ఎక్కిందో. ఆయాను ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు.

పది రోజుల తర్వాత ఆమె ఎక్స్‌రే గది తలుపు దగ్గరకు వచ్చింది. రద్దీ తగ్గేదాకా పక్కన నిలబడి, అప్పుడు పలికింది.

"అన్నా, ఇంగ ఎవరూ నాకు పిల్లోళ్లని ఇయ్యల్యా. ఒక ఇంట్లో అడిగితే, పడేసి దాచిపెట్టినదానివంట గదా అనిరి."

"నేనేం చేసేదమ్మా? డాక్టరును అడుగు."

"డాక్టరు అనలేదు గదా. నువ్వంటివి. ఆ ఫోటో మళ్లొకసారి చూడన్నా. నేను పడేసినట్ల దాంట్లో ఉండాదా?"

జవాబు లేనప్పుడు మనకు వచ్చే విసుగు వచ్చింది. "పనుండాది, పోమ్మా" అన్నాను. ఆమె వెళ్లిపోయింది. ఆ రోజంతా చిరాగ్గానే ఉన్నాను. అది ఆమె మీద చిరాకనే అనుకున్నాను.

ఇంకో వారం గడిచింది. బోరు లారీ మీద పనిచేసే ఒకతను నాలుగేళ్ల కూతురిని ఎత్తుకుని వచ్చాడు. ఆ పిల్లా కాలు ఆనించడం లేదు. ఫిల్ము తీశాను. అదే చోట అదే గీత, ఒక ఫిల్ముకు నకలు తీసినట్టు. కాకపోతే ఈసారి కుడి కాలు.

"ఎట్ల జరిగిందప్పా?"

"బైపాసు కాడ పిల్లోళ్లు ఎగిరే జాగా ఒకటి పెట్టినారు గదన్నా, ఆడికి తోల్కపోయినా. నేనూ దాంతో పాటే ఎక్కి ఎగురుతాంటి. ఉన్నట్టుండి కాలు పట్టుకోని కూలబడె. వల లోపలే ఉండాము. యాడా పడలేదు. నేను దాని మీద గూడ పడలా. నా కండ్ల ముందరే అయింది."

ఇతనికి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. చెబితే తన మీదికే వస్తుంది. ఆ రోజు ఎముకల డాక్టరు ఉన్నాడు. ఫిల్ము నేనే పట్టుకుని ఆయన గదికి పోయాను.

ఆయన ఒక్క చూపు చూసి, "ట్రాంపోలినా?" అన్నాడు.

"మీకెట్ల తెలుసు సార్?"

"పెద్దవాళ్లతో కలిసి ఎగిరే చిన్నపిల్లల్లో ఇది ఇక్కడే వస్తుంది. బరువైన మనిషి దిగితే ఆ గుడ్డ లోతుగా కుంగి, వెంటనే పైకి తంతుంది. అదే సమయానికి పిల్ల కిందికి వస్తుంటుంది. అప్పుడది మెత్తటి గుడ్డ కాదు, ఎదురొచ్చే గోడ. ఆ విసురంతా మోకాలి కింద పడుతుంది. పడాల్సిన పని లేదు, ఎవరూ కొట్టాల్సిన పని లేదు. వల ఉన్నది బయటికి పడకుండా. లోపల జరిగేదాన్ని వల ఆపదు."

కంప్యూటరులోంచి ఆ బాబు పాత ఫిల్ము కూడా తీసి తెచ్చి పక్కన పెట్టాను. ఆయన రెండూ చూశాడు, తన కాగితమూ చూశాడు.

"ఈ బాబుది ఆయా జారవిడిచిందని ఉందే. ఎవరు చెప్పారు?"

"అందరూ చెప్పినారు సార్."

"మొదట ఎవరన్నారు?"

"నేనే సార్."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "నేనూ అడగకుండా రాసుకున్నాను," అని పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేశాడు. కాగితం మీద దిద్దడం అంత తేలిక. "కట్టు విప్పేరోజు నేను వాళ్లకు చెబుతాను" అన్నాడు. నాకు అది సరిగ్గా అనిపించలేదు. మాట నాది. వద్దు సార్, నేనే పోతానన్నాను.

ఆదివారం పొద్దున పెద్దాయన ఇంటికి వెళ్లాను. మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. నేను ట్రాంపోలిన్ చూడాలన్నాను. ఆయనకు సంతోషమైంది, పెరట్లోకి తీసుకుపోయాడు. వరండాలో మంచం మీద పిల్లవాడు కట్టుతో కూర్చుని బొమ్మ ట్రాక్టరు నడుపుతున్నాడు. సెలవు కాబట్టి వాడి తల్లి పక్కనే ఉంది. గోడ వారగా విత్తనపు కాయల మూటలు పేర్చి ఉన్నాయి.

ట్రాంపోలిన్ పెద్దదే. గుండ్రటి ఇనుప చట్రం, చుట్టూ స్ప్రింగులు, వాటి మధ్య బిగించిన నల్లటి గుడ్డ, దాని చుట్టూ మనిషెత్తు వల.

"ఆషాఢం గాలికి లేస్తాదని నాలుగు పక్కలా రాతి కూసాలకు తాళ్లు కట్టిచ్చినా," అన్నాడు. ద్రాక్షతోటలకు పాతే రాతి స్తంభాలవి. "వలకు జిప్పు ఉండాది. లోపలికి పోతానే వేస్తాము. ఇంగేం గావల్ల చెప్పు?"

చాలా జాగ్రత్తలే తీసుకున్నాడు. ఆ మాట ఆయనతో అన్నాను కూడా. కానీ అది కడప బండల మీద నిలబడి ఉంది. స్ప్రింగుల మీద కప్పాల్సిన మెత్త ఒకవైపు ఊడిపోయి ఇనుము కనిపిస్తోంది. మన ఎండకు వల రంగు పోయింది. వేలితో లాగితే ఒక పోగు పుటుక్కున తెగింది. ఇవన్నీ తర్వాత సంగతి. నేను వచ్చింది వేరే ప్రశ్న అడగడానికి.

"అన్నా, ఆ దినం పిల్లోడు ఒక్కడే ఎగురుతాండెనా?"

పెద్దాయన జవాబు చెప్పేలోపే వరండాలోంచి పిల్లవాడు పలికాడు. "తాత పెద్ద జంపు! నేను చిన్న జంపు!"

తల్లి తలెత్తి మామను చూసింది.

"ఔ, నేనూ ఎక్కినా," అన్నాడాయన. "వాడు రమ్మనె, పోయినా. అయితే ఏమి?"

డాక్టరు చెప్పింది చెప్పాను. నాకు వచ్చినంత చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది.

"ఏమప్పా, నా మనవని కాలు నేనే ఇరగగొట్టినానంటావా? మొన్న ఆయమ్మ అంటివి. ఈ పొద్దు నేనంటాండావు. రేపు ఎవరి పేరు చెప్తావు?"

ఆ మాటకు నేను అర్హుణ్ణే. గోడ వారనున్న మూటలు చూశాను. వాటిలో ఒక చిన్న మూట, అటూ ఇటుగా పిల్లవాడి బరువు ఉంటుంది. "అన్నా, ఒక్కసారి ఎక్కు. నీ పక్కన ఈ మూట పెడతా. నువ్వు ఆ దినం ఎగిరినట్ల ఎగురు. నేను ఇంగేం మాట్లాడను."

కోపం మీదే ఎక్కాడు. ఆయన బరువు క్వింటాలుకు కొంచెం తక్కువ ఉంటుంది. మూటను రెండడుగుల దూరంలో పెట్టాను. ఒకసారి ఎగిరి దిగాడు. గుడ్డ కుంగి మూట ఆయన వైపు దొర్లింది. రెండోసారి దిగినప్పుడు మూట గాల్లోకి లేచింది. మూడోసారి మూట కిందికి వస్తున్నప్పుడే గుడ్డ పైకి లేచింది. దబ్బుమని చప్పుడైంది. మూటకు కట్టిన ముడి తెగిపోయి కాయలు వల నిండా చిమ్మాయి.

ఆయన కాళ్ల చుట్టూ కాయలు. గుడ్డ మెల్లగా ఊగుతోంది. ఆయన జిప్పు తీసి దిగి, వరండా మెట్టు మీద కూర్చుని నీళ్లు అడిగాడు. కోడలు తెచ్చి ఇచ్చింది.

"వాని కాలు బాగైతాదా?"

"బాగైతాదన్నా. అతుక్కుంటాదని డాక్టరు చెప్పినాడు."

"ఆయమ్మను నేను పొమ్మంటి," అన్నాడు నేల చూస్తూ. "ఆ పొద్దు ఆయమ్మ ఈడనే నిలబడుకోని, పిల్లోడు చిన్నోడు సామీ, మీరు దిగండి అనింది. నేను నగితి."

కోడలు నెమ్మదిగా అంది, "నేను కూడా ఒక్క మాట అడగలేదు మామా."

ఆయన లేచి నా వైపు తిరిగాడు. "మాట మొదలుపెట్టింది నువ్వు. ముందర నువ్వు పో. నీ ఎనకాల నేను వస్తా."

తర్వాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను. ఆయన మాట తప్పలేదు, మర్నాడు ఆమె ఇంటి ముందు నిలబడ్డాడు. ఆమె మాత్రం తిరిగి ఆ ఇంట్లో చేరలేదు. తన ఇంట్లోనే పనికి పోయే తల్లుల పిల్లలను చూసుకోవడం మొదలుపెట్టింది. మొదట వచ్చిన పిల్లవాడు ఆ మనవడే. రోజూ పొద్దున బస్సెక్కే ముందు వాడి తల్లి దింపిపోయేది. ట్రాంపోలిన్‌ను బండల మీద నుంచి మెత్తటి మట్టిలోకి జరిపించి, వలా మెత్తలూ కొత్తవి వేయించారు. ఎక్కేది ఒక్కసారికి ఒక్కరే. ఆరేళ్లు నిండనివాళ్లు ఎక్కకుండా ఆడనప్పుడు నిచ్చెన తీసి లోపల పెట్టేవారు. పెద్దవాళ్లు వల బయట నిలబడి చూడాలి. డాక్టరు ఈ మాటలన్నీ కాగితం మీద రాయించి మా గది తలుపుకు అంటించాడు. మీలో ఎవరింట్లోనైనా ఆ వస్తువు ఉంటే ఇవి గుర్తుపెట్టుకోండి. కాగితం చిన్నదే గానీ, మేం దాన్ని నేర్చుకున్న పద్ధతి మంచిది కాదు.

ఇక నేను ముందర పోయిన సంగతి. అదే ఆదివారం, అటునుంచి అటే ఆమె వీధికి వెళ్లాను. గుమ్మంలో కూర్చుని ఎవరివో చీరలకు ఫాల్ కుడుతోంది. నన్ను చూసి లేవలేదు.

"అమ్మా, ఆ ఇంటికి పోయి వస్తాండా. పిల్లోని కాలు నువ్వు జారవిడిస్తే ఇరగలేదు. నేను తప్పు చెప్పినా."

"నాకు తెలుసు గదన్నా," అంది సూది ఆపకుండా.

"ఆయన గూడా ఎక్కినాడని ఆ దినమే ఎందుకు చెప్పలేదు?"

ఆమె అప్పుడు తలెత్తింది. "నువ్వు అడిగింటే చెప్పింటాను. నువ్వు అడగలా అన్నా. చెప్పినావు."

ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు ఏ ఆఫీసరూ ఇంత సూటిగా మెమో ఇవ్వలేదు. చేతులు జోడించాను. ఆమె దారం పళ్లతో కొరికి, చీర పక్కన పెట్టింది.

"నాకు చెప్పేదానికి ఇంత దూరం వస్తివా? నాకు తెలిసిందే నాకు చెప్తే ఏమొస్తాది? తెలియనోళ్లకు చెప్పు."

కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఆడవాళ్లను కేకేసి పిలిచింది. ఏడెనిమిది మంది బిందెలు దించి వచ్చారు. ఒక ముసలాయన మంచం మీంచి లేచి వచ్చాడు. అందరూ నా ముఖం చూస్తున్నారు. ఎక్స్‌రే గదిలో గంటకు పదిమందితో మాట్లాడేవాణ్ణి. అక్కడ మాత్రం, "పిల్లోని కాలు ఈమె వల్ల..." అని ఏదో గొణిగాను.

"గట్టిగా చెప్పన్నా," అందామె. "ఆ దినం గట్టిగానే చెప్తివి గదా."

గట్టిగా చెప్పాను. నేను ఎవరో, ఏ పని చేస్తానో, ఫిల్ములో ఏం కనిపించిందో, కనిపించనిదాన్ని నేనెలా కల్పించి చెప్పానో అంతా చెప్పాను. పెద్దాయన గురించి మాత్రం, అది ఆయనే వచ్చి చెబుతాడన్నాను. ఒకామె, "అప్పుడే అనుకుంటిమి మేము" అంది. ఇంకొకామె నీళ్లు పోతున్నాయని గుర్తొచ్చి పరుగెత్తింది. మెల్లగా అందరూ వెళ్లిపోయారు.

నేనూ కదలబోయాను. వెనకనుంచి ఆమె పిలిచింది. గొంతు మారింది.

"అన్నా, ఆ ఇంటికి పోయి వస్తినంటివి గదా. పిల్లోడు ఎట్లుండాడు? అన్నం తింటాండాడా? కట్టు కింద దురద అని ఏడుస్తాండాడా? వానికి చెమటంటే పడదు."

గంటసేపు ఆ ఇంట్లో ఉన్నాను. వల చూశాను, స్ప్రింగులు చూశాను, పెద్దాయనను ఎగిరించి చూశాను. పిల్లవాడి పక్కన కూర్చుని ఈ మాట ఒక్కటీ అడగలేదు.

"తెలియదమ్మా. అడగలేదు," అన్నాను. "పోయి అడిగి వస్తా."

ఎండ నడినెత్తికి వచ్చింది. మళ్లీ ఆ ఇంటి దారి పట్టాను.